మిద్దెతోటలో ఐదు గంజాయి మొక్కలు: ఒక డిఫెన్స్ లాయర్ కేస్ స్టడీ

మత్తుమందుల నియంత్రణ చట్టం, అంటే ఎన్‌డీపీఎస్ చట్టం కింద నా దగ్గరకు వచ్చేవాళ్ళలో ఎక్కువమంది సరుకుతో దొరికినవాళ్ళే. బస్సులో సంచితోనో, బండి డిక్కీలో ప్యాకెట్‌తోనో పట్టుబడతారు. మొక్కతో దొరికేది ఊళ్ళలో, కంది చేలోనో పత్తి సాళ్ళ మధ్యనో వేసిన రైతులు. ఇప్పుడు సిటీలో కూడా మొక్కల కేసులు వస్తున్నాయి. ఫ్లాట్ బాల్కనీ, అద్దె గది, ఇంటి టెర్రస్. చదువుకున్న పిల్లలు, సొంత వాడకానికని ఒకటీ రెండూ పెంచుకుంటారు. ఇలాంటి కేసులో చట్టం ఎలా నడుస్తుందో రైతు కేసులు చూసిన లాయర్లకు కూడా కొంత కొత్తగానే ఉంటుంది. అందుకే ఈ ఒక్క కేసు కాస్త వివరంగా రాస్తున్నాను. కుటుంబాన్ని గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను, రెండు కేసుల సంగతులు ఒకచోట కలిపాను.

2023 వేసవి. ఉప్పల్ దాటాక ఒక కాలనీలో సొంత ఇల్లు. కింద తల్లిదండ్రులు, పైన అద్దెకున్న కుటుంబం, టెర్రస్ మీద ఒక గది. ఆ గదిలో కొడుకు ఉంటాడు. కాలిఫోర్నియాలో ఎంఎస్ చేసి, అక్కడే హెచ్-1బీ మీద పని చేస్తుండగా లేఆఫ్ అయి, 60 రోజుల గడువులో ఇంకో కంపెనీ దొరక్క తిరిగొచ్చాడు. ఇక్కడి నుంచే ఒక కంపెనీకి రిమోట్‌గా పని చేస్తున్నాడు. తండ్రి రిటైరైన ప్రభుత్వోద్యోగి. తల్లికి మిద్దెతోట అంటే ప్రాణం. టెర్రస్ నిండా థర్మోకోల్ డబ్బాల్లో పాలకూర, పుంటికూర (గోంగూర), కుండీల్లో మిర్చి, కరివేపాకు, మందారం.

వీటి వెనక, నీళ్ళ ట్యాంకు చాటున, ఇరవై లీటర్ల పెయింట్ బకెట్లలో మూడు గంజాయి మొక్కలు. గదిలో ఎల్‌ఈడీ లైటు కింద ఇంకో రెండు. లోపలి రెంటికీ పూత వచ్చింది, బయటి మూడూ మోకాలెత్తు కూడా లేవు. అల్మరాలో ఒక గాజు సీసా, అందులో 40 గ్రాముల ఎండబెట్టిన పూత. ఇంతే సరుకు. అమ్మిన ఆధారం లేదు, తూకం మెషీన్ లేదు, చిన్న ప్యాకెట్లు లేవు.

పోలీసులు రాత్రి 9 దాటాక వచ్చారు. 'విశ్వసనీయ సమాచారం' అని కాగితంలో ఉంది. ఎదురింటి పై అంతస్తు నుంచి ట్యాంకు పక్కన కనిపిస్తుందని పెద్దాయన, అంటే అబ్బాయి తండ్రి, అనుమానం. ఆ గొడవలోకి నేను వెళ్ళలేదు, వెళ్ళినా కేసుకు ఒరిగేదేమీ లేదు. మొక్కలు పీకి, గోనెసంచిలో వేసి, పక్క వీధి కిరాణా కొట్టు కాటా తెప్పించి తూచారు. పంచనామాలో 'వేర్లతో సహా 5 మొక్కలు, 2.3 కిలోలు' అని రాశారు. కొడుకు ఏ1, అంటే మొదటి నిందితుడు. మొక్కలు పెంచినందుకు సెక్షన్ 20(ఎ), కిలోకు మించి గంజాయి ఉన్నందుకు 20(బి), వాడినందుకు 27. ఇల్లు తన పేరున ఉన్నందుకు తండ్రి ఏ2, సెక్షన్ 25. ఆ రాత్రి తల్లి మెట్ల మీద నిలబడి, "అది పుంటికూర లెక్కనే ఉంటే ఇంకో రకమేమో అనుకున్న సారూ, రోజూ నేనే నీళ్ళు పోస్త" అంది. ఆమెను నిందితురాలిగా చేర్చలేదు. కానీ ఆ మాట ఒక కానిస్టేబుల్ వాంగ్మూలంలో అక్షరం పొల్లు పోకుండా ఎక్కింది. కేసు నడిచినంతకాలం ఆ ఇంట్లో అసలు టెన్షన్ దాని గురించే.

కిలో లోపు అనే నమ్మకం

మర్నాడు పెద్దాయన నన్ను అడిగిన మొదటి మాట: "సార్, కిలో దాకా చిన్న కేసే కదా? యూట్యూబ్‌ల చూసిన." దాదాపు ప్రతి ఇంట్లోనూ ఇదే మాట. సగం నిజం కాబట్టే ఇంత గట్టిగా నాటుకుంది.

గంజాయి దగ్గర ఉంచుకోవడం, కొనడం, అమ్మడం, తరలించడం సెక్షన్ 20(బి) కిందకు వస్తాయి. అక్కడ బరువును బట్టి మూడు మెట్లున్నాయి. 1 కిలో లోపు చిన్న పరిమాణం, ఏడాది దాకా జైలు లేదా 10 వేల దాకా జరిమానా, లేదా రెండూ. 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం, కనీసం 10 ఏళ్ళు, గరిష్ఠంగా 20. మధ్యలో ఉన్నదానికి 10 ఏళ్ళ దాకా. ఈ అంకెలు కేంద్రం 2001 అక్టోబర్‌లో ఇచ్చిన నోటిఫికేషన్‌లోవి.

మొక్కకు ఈ మెట్లు లేవు. సెక్షన్ 20(ఎ) ప్రకారం ఏ గంజాయి మొక్కనైనా పెంచితే 10 ఏళ్ళ దాకా కఠిన కారాగారం, లక్ష రూపాయల దాకా జరిమానా. ఎన్ని మొక్కలు, ఎంత ఎత్తు, పూత వచ్చిందా లేదా, సొంతానికా అమ్మకానికా, ఇవేవీ ఆ సెక్షన్‌లో లేవు. చట్టంలో గంజాయి మొక్క అంటే ఆ జాతికి చెందిన ఏ మొక్కైనా సరే, నిన్న మొలిచిన నారుతో సహా. అంటే సీసాలో 900 గ్రాముల ఎండు గంజాయి ఉన్నవాడికి గరిష్ఠ శిక్ష ఏడాది. కుండీలో ఒక్క పిలక పెంచుకున్నవాడికి పదేళ్ళు. న్యాయంగా ఉందా అంటే నాకైతే లేదనే అనిపిస్తుంది. 2001లో చట్టాన్ని సవరించి పరిమాణాన్ని బట్టి శిక్షలు పెట్టినప్పుడు మొక్కను ఆ లెక్కలోకి తేలేదు, తర్వాతా తేలేదు.

గింజల సంగతి ఇంకా విచిత్రం. పూత లేకుండా ఉత్త గింజలు, ఉత్త ఆకులు చట్టం చెప్పే గంజాయి కిందకు రావు. ఉత్తరాదిలో భంగు దుకాణాలు నడుస్తున్నది ఆ ఆకు మినహాయింపు మీదే, రాష్ట్ర ఎక్సైజ్ చట్టాల అదుపులో. మా వాడు మొదటి మొక్కను ఎక్కడో కొన్న ప్యాకెట్‌లో రాలిన గింజలతో మొలిపించానన్నాడు. గింజ డబ్బాలో ఉన్నంతసేపు ఒక సంగతి, మట్టిలో పెట్టి నీళ్ళు పోశాక సెక్షన్ 8(బి) ఉల్లంఘన. లైసెన్సు తెచ్చుకోవచ్చా అని ఆ తర్వాత మరో ఇద్దరు ముగ్గురు నన్ను అడిగారు. సెక్షన్ 10 కింద అనుమతించే అధికారం రాష్ట్రాలకు ఉంది, సెక్షన్ 14 నార కోసం, గింజ కోసం, తోటల పెంపకం కోసం వీలు కల్పిస్తుంది. ఉత్తరాఖండ్ ఆ దారిలోనే మత్తు శాతం 0.3 లోపు ఉండే పారిశ్రామిక రకానికి లైసెన్సులు ఇస్తోంది. ఇంట్లో సొంత వాడకానికి పెంచుకోమని ఏ రాష్ట్రమూ లైసెన్సు ఇవ్వడం లేదు. డాక్టర్ చీటీ ఉన్నా ఇంతే.

బెయిల్

పదేళ్ళ సెక్షన్ అనగానే ఇంట్లోవాళ్ళు హడలిపోతారు కానీ, బెయిల్ దగ్గర మొక్కకు బరువు మెట్లు లేకపోవడమే మేలు చేస్తుంది. బెయిల్‌ను గట్టిగా బిగించే సెక్షన్ 37 షరతులు వాణిజ్య పరిమాణానికి, ఇంకా 19, 24, 27ఎ సెక్షన్లకు వర్తిస్తాయి. 20(ఎ) ఆ జాబితాలో లేదు. కాబట్టి మామూలు నాన్ బెయిలబుల్ కేసులో చూసేవే చూడాలి: పారిపోతాడా, సాక్షులను బెదిరిస్తాడా, పాత కేసులున్నాయా.

అయినా మొదటి పిటిషన్ కొట్టేశారు. ఎఫ్‌ఎస్‌ఎల్ (ఫోరెన్సిక్ ల్యాబ్) రిపోర్టు రాలేదని కారణం. రెండోసారి, చర్లపల్లి జైల్లో నెలన్నర గడిచాక, బెయిల్ వచ్చింది. ఇద్దరు జామీనుదారులు, పాస్‌పోర్ట్ కోర్టులో దాఖలు, వారానికోసారి స్టేషన్‌లో సంతకం. రెండోదీ పోతే చూద్దామని ఇంకో కాగితం సిద్ధంగా ఉంచుకున్నాను, గడువులోపు ఛార్జిషీట్ వేయకపోతే హక్కుగా వచ్చే బెయిల్ కోసం. వాణిజ్య పరిమాణం కేసుల్లో ఛార్జిషీట్‌కు 180 రోజుల గడువు ఉంటుంది. ఇక్కడ అది లేదు. పదేళ్ళ 'దాకా' అనే శిక్షకు గడువు 60 రోజులేనని 2017లో రాకేష్ కుమార్ పాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ అవసరం రాలేదు. తండ్రికి ముందే ముందస్తు బెయిల్ తీసుకున్నాం. ఎన్‌డీపీఎస్‌లో ముందస్తు బెయిల్ ఉండదని ఆయనకు ఎవరో చెప్పారట. ఉంటుంది.

తూకం

కేసులో నేను ఎక్కువ సమయం పెట్టింది దీని మీదే.

గంజాయి అంటే పూత, కాయ పట్టిన కొనలు. ఆకులు, గింజలు ఆ కొనలతో కలిసి ఉంటేనే లెక్కలోకి వస్తాయి. వేరు, కాండం, వేరుకంటిన మట్టి రావు. పూత రాని మూడు మొక్కల్లో గంజాయి అనేదే లేదు. అవి 20(ఎ) కిందకు వస్తాయి తప్ప 20(బి) తూకంలోకి రాకూడదు. పోలీసులు ఐదింటినీ పచ్చిగా, వేర్లతో, ఒకే సంచిలో తూచి 2.3 కిలోలు అన్నారు. దాంతో కేసు చిన్న పరిమాణం దాటి మధ్య మెట్టుకు ఎక్కింది.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. 20(ఎ)కు పదేళ్ళు, మధ్య మెట్టుకూ పదేళ్ళే కదా, ఇంత కష్టం ఎందుకు? ఒకటి, గంజాయి నిల్వ చేసినవాడిగా శిక్ష పడటం వేరు, మొక్క పెంచినవాడిగా పడటం వేరు. శిక్ష వేసేటప్పుడు జడ్జి ఆలోచన మారుతుంది. రెండోది ఈ కేసును దాటిన సంగతి. ఇదే తూకం పద్ధతి పొలంలో వాడితే యాభై మొక్కలు పచ్చిగా 20 కిలోలు దాటిపోతాయి. రైతు మీద వాణిజ్య పరిమాణం పడుతుంది, సెక్షన్ 37 వచ్చి కూర్చుంటుంది, కనీస శిక్ష పదేళ్ళు. నారాయణఖేడ్ వైపు నుంచి, విశాఖ ఏజెన్సీ నుంచి వచ్చే కేసుల్లో నిజమైన ప్రమాదం అక్కడుంది. అందుకే చిన్న కేసైనా ఈ వాదన వదలకూడదని నా అభిప్రాయం.

పంచనామాకు సాక్షి ఆ కిరాణా కొట్టాయనే. మంచి మనిషి, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు.

"వేర్లకు మట్టి ఉందా?"

"కొంచెం దులిపిన్రు సార్."

"మిగతాది?"

"ఉండె."

"సంచితోనే తూచారా?"

"సంచిల ఏసే తూచిన్రు."

"ఖాళీ సంచి ముందు తూచారా?"

"యాదికి లేదు."

"పూత ఉన్నవి, లేనివి వేరుగా తూచారా?"

"అన్నీ ఒక్కతానే."

దీనికి తోడు సెక్షన్ 52ఎ కాగితాలు. 2022 డిసెంబర్ నుంచి అమల్లో ఉన్న కొత్త రూల్స్ ప్రకారం, మేజిస్ట్రేట్ ముందే సరుకు జాబితా రాసి, ఫొటోలు తీసి, నమూనాలు తీయాలి. గంజాయికి ఒక్కో నమూనా 24 గ్రాములు, జంటగా తీయాలి. మా కేసులో అది మూడు వారాల తర్వాత జరిగింది. అప్పటికి మొక్కలు ఎండిపోయాయి. మేజిస్ట్రేట్ ముందు తూచినప్పుడు కాండాలతో సహా 610 గ్రాములు. ఛార్జిషీట్‌లో మాత్రం 2.3 కిలోలే ఉంచారు. ఎఫ్‌ఎస్‌ఎల్ రిపోర్టు సూక్ష్మదర్శినిలో కనిపించే నూగు, రంగు పరీక్ష చెప్పి గంజాయి అని తేల్చింది. నమూనాను మాత్రం 'ఆకులు, పూత, కాడలు కలిసినది' అని వర్ణించింది. ఏ మొక్క నుంచి ఏది తీశారో ఎక్కడా లేదు.

పీపీ (పబ్లిక్ ప్రాసిక్యూటర్) గారు 2020 నాటి హీరా సింగ్ తీర్పు చూపించారు. మత్తు పదార్థంలో వేరే పదార్థం కలిస్తే మొత్తం బరువూ లెక్కే అన్న తీర్పు అది. పొడిలో పొడి కలిపిన మిశ్రమానికి అది సరే, మొక్క వేరుకున్న మట్టిని ఎవరూ కలపలేదని నేను వాదించాను. జడ్జి ఒప్పుకున్నారు.

ఇప్పుడు ఇలాంటి కేసు వస్తే మొదటి వారంలోనే నేను అడిగేది వీడియో. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 105 ప్రకారం సోదా, స్వాధీనం రెండూ ఆడియో వీడియోలో రికార్డు చేయాలి. కాటా మీద అంకె కనిపించిందా, సంచి ఉందా, మట్టి ఉందా అన్నది అందులో తేలిపోతుంది. అయితే ఇది రెండువైపులా పదునే. పోలీసులు సరిగ్గా చేసి ఉంటే అదే వీడియో మనల్ని ముంచుతుంది.

రాత్రి సోదా, ఫోన్, 'దానంతటదే మొలిచింది'

లాయర్లు ముందు పట్టుకునేది సెక్షన్ 42. టెర్రస్ ఇంట్లో భాగం కాబట్టి బహిరంగ స్థలాల సోదా గురించిన 43 కాదు, ఇళ్ళ సోదా గురించిన 42 వర్తిస్తుంది. సమాచారం రాతలో పెట్టాలి, 72 గంటల్లో పై అధికారికి పంపాలి. సూర్యాస్తమయం తర్వాత వారెంట్ లేకుండా ఇంట్లోకి వెళ్తే, వారెంట్ తెచ్చేలోపు సాక్ష్యం మాయమవుతుందని ఎందుకు నమ్మారో కారణం రాయాలి. 2009లో కర్నైల్ సింగ్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం, అసలు పాటించకపోతే చెల్లదని, కాస్త ఆలస్యమై సరైన కారణం ఉంటే చెల్లుతుందని చెప్పింది. మా కేసులో ఒక్క లైన్ కారణం ఉంది. మర్నాటి తేదీతో పై అధికారికి పంపిన కాగితమూ ఉంది. జడ్జికి అది సరిపోయింది. సెక్షన్ 50 గురించి ఇంట్లోవాళ్ళు చాలాసార్లు అడిగారు. అది ఒంటిమీద సోదాకు సంబంధించినది, బకెట్‌కు వర్తించదు.

మొక్కల కేసుల్లో డిఫెన్స్‌కు ఉన్న మంచి తీర్పు 2003 చివర్లో వచ్చిన అలఖ్ రామ్. పొలంలో మొక్కలు దొరికినంత మాత్రాన చాలదు, నిందితుడే పెంచాడని నిరూపించాలి, గింజ పడి దానంతటదే మొలవడం కూడా జరుగుతుంది అని సుప్రీంకోర్టు అందులో చెప్పింది. సెక్షన్ 54 ఊహ కూడా అంతే. నిందితుడు సాగు చేసిన నేలలో మొక్క ఉంటేనే ఆ ఊహ పని చేస్తుంది, సాగు చేశాడన్నది ముందు ప్రాసిక్యూషనే చూపించాలి. గట్టు మీద మొలిచిన మొక్కకు ఇది బ్రహ్మాండంగా పనికొస్తుంది.

పెయింట్ బకెట్‌లో, ఎల్‌ఈడీ లైటు కింద దానంతటదే మొలిచిందని ఏ ముఖం పెట్టుకుని చెప్పాలి? దానికి తోడు ఫోన్. మా వాడు మొలక నుంచి పూత దాకా వారం వారం ఫొటో తీసి, ఒక ఆల్బమ్‌లో పెట్టి, కింద తేదీ, పోసిన ఎరువు కూడా రాసుకున్నాడు. ఇంజనీర్ బుద్ధి. ఎఫ్‌ఎస్‌ఎల్ నుంచి ఆ ఫొటోలు ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కావాల్సిన 65బి సర్టిఫికెట్‌తో సహా వచ్చాయి. పోలీసుల ముందు 'నేనే పెంచాను' అని ఇచ్చిన వాంగ్మూలం చెల్లదు, ఆ సంగతిలో ఏ లాయర్‌కూ సందేహం లేదు. కానీ ఆల్బమ్ ముందు ఆ వాంగ్మూలం అవసరమే లేకపోయింది. అందుకే ఏ1 మొక్కలు పెంచలేదనే వాదన నేను నడపలేదు. ఉన్న బలమంతా మూడు చోట్ల పెట్టాను: తండ్రిని బయటికి తేవడం, తల్లిని లోపలికి రాకుండా ఆపడం, తూకం.

తండ్రి, తల్లి

సెక్షన్ 25లో కీలకం 'తెలిసి' అనుమతించడం. ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు పెద్దాయన పేరున ఉన్నాయి. ప్రాసిక్యూషన్ దగ్గర ఉన్నది అంతే. నేల సొంతదారుకు తన నేలలో గంజాయి మొక్క ఉందని తెలిస్తే వెంటనే పోలీసులకు చెప్పాలని సెక్షన్ 46 అంటుంది, దాన్ని కూడా లాగారు. అక్కడా తెలిసి ఊరుకోవాలి. మోకాళ్ళ నొప్పులతో ఆయన రెండేళ్ళుగా టెర్రస్ ఎక్కలేదని పైన అద్దెకున్న ఆవిడ పోలీసులకే చెప్పింది. ఆ వాంగ్మూలం ఛార్జిషీట్‌లోనే ఉంది. మానసిక స్థితిని ఊహించుకునే సెక్షన్ 35ను పీపీ గారు ప్రస్తావించారు. దానికి ముందు ప్రాథమిక వాస్తవాలు ప్రాసిక్యూషన్ నిలబెట్టాలని 2008లో నూర్ ఆగా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ట్రయల్‌కు ముందే కేసు నుంచి తప్పించమని వేసిన డిశ్చార్జి పిటిషన్ నెగ్గింది. ట్రయల్ దాకా పోకుండా పెద్దాయన బయటపడ్డారు.

అదే ఆవిడ, అదే వాంగ్మూలంలో, "పైకి పోయేది ఆ అబ్బాయి, వాళ్ళమ్మ, అంతే" అని కూడా అంది. నీళ్ళు పోసిన సంగతి కానిస్టేబుల్ రాసుకున్నాడు. ఈ రెండూ కలిపితే తల్లిని 20(ఎ)లో చేర్చడానికి దారి ఉంది. ట్రయల్ మధ్యలో సాక్ష్యం చూసి కొత్త నిందితులను చేర్చే అధికారం కోర్టుకూ ఉంది. అందుకే దర్యాప్తు అధికారిని క్రాస్ చేసేటప్పుడు ఆ టెర్రస్ మీద ఏ డబ్బాలో ఏముందో ఒక్కొక్కటీ చెప్పించాను. పుంటికూర ఐదు డబ్బాల్లో ఉంది. గోగు ఆకు గంజాయి ఆకులాగే వేళ్ళు చాచినట్టు చీలి ఉంటుందని, గోగు శాస్త్రీయ నామం హైబిస్కస్ కన్నాబినస్ అని, ఆ పేరు ఈ పోలిక వల్లనే వచ్చిందని వృక్షశాస్త్రం పుస్తకం చూపించాను. ఆయన ఒప్పుకున్నారు. తోటంతటికీ నీళ్ళు పోసే మనిషి ఆ బకెట్లకూ పోసింది, తెలిసి కాదు. ప్రాసిక్యూషన్ ఆమె జోలికి మళ్ళీ రాలేదు.

ఒప్పేసుకుంటే పోదా

ట్రయల్ మొదలయ్యే ముందు బంధువుల్లో ఒకాయన, తెలిసిన లాయర్ చెప్పాడంటూ, నేరం ఒప్పుకుంటే జరిమానాతో పోతుందన్నాడు. చిన్న పరిమాణం కేసుల్లో అలా పోయేవి ఉన్నాయి. ఇక్కడ కుదరదు. ప్లీ బార్గెయినింగ్, అంటే నేరం ఒప్పుకుని శిక్ష తగ్గించుకునే ఒప్పందం, ఏడేళ్ళు మించిన శిక్ష ఉన్న నేరాలకు లేదు. మంచి నడవడిక చూసి ప్రొబేషన్ మీద వదిలే వీలు కూడా లేదు. 18 ఏళ్ళు నిండినవాళ్ళకు, 26, 27 సెక్షన్లు తప్ప మిగతా ఎన్‌డీపీఎస్ నేరాల్లో ప్రొబేషన్‌ను సెక్షన్ 33 అడ్డుకుంటుంది. డీ-అడిక్షన్‌కు ఒప్పుకుంటే కేసు నుంచి రక్షణ ఇచ్చే సెక్షన్ 64ఎ చిన్న పరిమాణానికి, వాడకానికే పరిమితం. అంటే 20(ఎ)లో దోషిగా తేలితే ఎంతో కొంత జైలు తప్పదు. ఒక్క ఊరట ఏమిటంటే కనీస శిక్ష లేదు.

తీర్పు ఇలా వచ్చింది. మధ్య పరిమాణం గంజాయి నిల్వ నిరూపణ కాలేదు. సీసాలోని 40 గ్రాములకు చిన్న పరిమాణం కింద మూడు నెలలు. వాడకం కేసు కొట్టేశారు, మూత్ర పరీక్ష కిట్ తప్ప వేరే ఆధారం లేదు. మొక్కలు పెంచినందుకు ఏడాది కఠిన కారాగారం, 10 వేల జరిమానా. రెండూ ఏకకాలంలో, రిమాండ్‌లో గడిపిన నెలన్నర మినహాయించి.

పరాయి దేశాల లెక్క

శిక్ష కంటే ఆ అబ్బాయిని కుంగదీసింది వేరే. "కాలిఫోర్నియాలో ఆరు మొక్కలు పెంచుకోవచ్చు సార్, లీగల్" అని మొదటి ములాఖత్‌లోనే అన్నాడు. నిజమే. 2016 నవంబర్‌లో ఓటర్లు ఒప్పుకున్న ప్రతిపాదన 64 ప్రకారం 21 ఏళ్ళు నిండినవాళ్ళు ఇంట్లో ఆరు మొక్కల దాకా పెంచుకోవచ్చు. కానీ అమెరికా అంతా ఒక్కటి కాదు. మనవాళ్ళు ఎక్కువగా ఉండే న్యూజెర్సీలో షాపులో కొనుక్కోవచ్చు, ఇంట్లో ఒక్క మొక్క పెంచినా నేరం. టెక్సాస్‌లో రెండూ నేరమే. జర్మనీలో 2024 ఏప్రిల్ 1 నుంచి మూడు మొక్కల దాకా అనుమతి.

రాష్ట్రం ఒప్పుకున్నా అమెరికా ఫెడరల్ చట్టంలో గంజాయి నిషిద్ధమే. ఇమిగ్రేషన్ నడిచేది ఫెడరల్ చట్టం మీద. హెచ్-1బీ మీద, గ్రీన్‌కార్డు మీద ఉన్నవాళ్ళు రాష్ట్ర చట్టం చూసుకుని ధైర్యంగా పెంచుకుంటే ఆ కుండీ వాళ్ళ ఫైల్లోకి ఎక్కవచ్చు. మా వాడి సంగతి ఇంకా కష్టం. మత్తు పదార్థాల నేరంలో ఏ దేశంలో శిక్ష పడినా అమెరికా ప్రవేశానికి అనర్హతే. సొంత వాడకానికి 30 గ్రాముల లోపు గంజాయి ఒక్కసారి దగ్గర ఉంచుకున్న కేసుకు గ్రీన్‌కార్డు దారిలో ఒక మినహాయింపు అడగవచ్చు. మొక్కలు పెంచిన నేరం అందులోకి రాదు. సీసా కూడా 40 గ్రాములు.

అందుకే అప్పీలులో రెండు విడి అర్జీలు వేశాం. ఒకటి శిక్ష నిలుపుదలకు. ఎన్‌డీపీఎస్‌లో శిక్షను ఆపకూడదని సెక్షన్ 32ఎ అంటున్నా, అప్పీలు కోర్టుకు ఆ అధికారం ఉందని 2000లో దాదు కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. హైకోర్టు శిక్షను నిలిపివేసింది. రెండోది దోషి నిర్ధారణనే నిలిపివేయమని. అది అరుదైన కేసుల్లో తప్ప ఇవ్వరు, మాకూ ఇవ్వలేదు. అప్పీలు తుది విచారణకు రావాల్సి ఉంది. పాస్‌పోర్ట్ ఇంకా కోర్టులోనే ఉంది. ఈమధ్య అతని కంపెనీ సింగపూర్‌లో పది రోజుల పని ఉంది రమ్మంటే, పాస్‌పోర్ట్ తాత్కాలికంగా ఇప్పించమని అర్జీ పెట్టాం. అక్కడి మత్తుమందుల చట్టం ఎలాంటిదో అతనికి విడిగా కూర్చోబెట్టి చెప్పాను.